ఆట ఎక్కడ ఆగుతుంది?

పిల్లాడు ఎన్ని గంటలు ఆడుతున్నాడని లెక్కపెడుతున్నాం, సరే. ఆ ఆటకు అసలు ముగింపంటూ ఉందా అని ఎప్పుడైనా అడిగారా? పాతబస్తీ గేమింగ్ పార్లర్లలో జాయ్‌స్టిక్ పట్టడం నేర్చుకుని, పెళ్లయి పిల్లలు పుట్టాక కూడా దాన్ని వదలని ఒక గేమర్ మీతో చెబుతున్న మాటలివి.

‘మార్కులు బాగా వస్తే ఏం కావాలిరా?’ అని అడిగితే సైకిల్ అని చెప్పే పిల్లలు ఇప్పుడు తక్కువే. ‘పీఎస్ ఫైవ్’ అంటారు. అక్కణ్నుంచి ఇంట్లో మొదలవుతుంది. అమ్మకు చదువు భయం. నాన్నకు ధర భయం. నానమ్మకు కళ్ల భయం. ముగ్గురూ కలిసి చివరికి ఒక మాట మీదికి వస్తారు: ‘రోజుకు గంటే ఆడాలి, ఒప్పుకుంటేనే కొంటాం.’ వాడు తక్షణం ఒప్పుకుంటాడు. నెల తిరగకముందే ఆ గంట రెండవుతుంది, రెండు మూడవుతాయి, ఒకరోజు రాత్రి పదకొండింటికి ఎవరో ఒకరు ప్లగ్ పీకేస్తారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా నిద్రపోరు.

నేను ఆటల పక్షమే. దాచుకోను. కానీ ఈ గొడవలో తల్లిదండ్రులు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎన్ని గంటలు?’ అన్నది కాదని నా అభిప్రాయం. ‘ఏ ఆట? అది ఎక్కడ ఆగుతుంది? డబ్బు ఎలా అడుగుతుంది?’ అన్నవి ముందు రావాలి. ఎందుకంటే ఆటల పరిశ్రమలో గత పదేళ్లలో జరిగిన పెద్ద గొడవలన్నీ దాదాపు ఈ మూడింటి చుట్టూనే తిరిగాయి. అవి ఎక్కడో అమెరికాలో గేమర్లు కొట్టుకునే సంగతులనుకుంటాం గానీ, వాటి ఫలితం మాత్రం మన గౌలిపురా ఇంట్లో, మన ఫోన్‌లో, మన పిల్లాడి నిద్రలో కనిపిస్తుంది.

భాయ్ చేతిలో గడియారం

రెండు వేల సంవత్సరం తర్వాతి రోజులు గుర్తున్నవాళ్లకు ఇది తెలుసు. శాలిబండ, అలియాబాద్, ఛత్రినాక... ఎటు వెళ్లినా ఏదో ఒక గల్లీలో షట్టరు సగం దించిన చిన్న గది ఉండేది. లోపల నాలుగు టీవీలు, నాలుగు ప్లేస్టేషన్లు, ఒక పంకా. ‘టెక్కెన్’ ఆడేవాళ్లు ఒక మూల, కుస్తీ ఆట ఆడేవాళ్లు మరో మూల. గంటకు పదో ఇరవయ్యో తీసుకునేవారు. కౌంటరు దగ్గర కూర్చున్న భాయ్ ఒక పాత నోటుబుక్కులో మన పేరు, టైము రాసుకునేవాడు. గంట కాగానే వచ్చి వెనక నిలబడేవాడు. ‘భాయ్, బస్ ఔర్ ఏక్ గేమ్!’ అని ఎంత బతిమాలినా వినడు. వెనక బెంచీ మీద మరో నలుగురు వంతు కోసం కూర్చుని ఉంటారు మరి. ‘హోగయా, ఉఠో’ అనేవాడు. లేవాల్సిందే.

ఆ పార్లర్లను మెచ్చుకోవాలని కాదు. గాలి ఆడేది కాదు, సిగరెట్ పొగ ఉండేది, బడి ఎగ్గొట్టి వచ్చినవాళ్లూ ఉండేవాళ్లు. అయితే ఇప్పుడు ఆలోచిస్తే ఆ గదిలో మూడు మంచి సంగతులున్నాయి. ఆట ఆపడానికి బయట ఒక మనిషి ఉన్నాడు. పక్కన కూర్చుని ఆడే మనిషి ఉన్నాడు. జేబులో డబ్బు అయిపోతే ఆట అయిపోతుంది.

ఫోన్ వచ్చి ఈ మూడింటినీ ఒకేసారి తీసేసింది. పాతబస్తీలో ఇంటి ముందరి చబుత్రా మీద రాత్రి పొద్దుపోయేదాకా కూర్చునే అలవాటు తరతరాలది. అర్ధరాత్రి దాటినా వీధుల్లో తిరిగే కుర్రాళ్లను పట్టుకుని, ఇంట్లోవాళ్లను పిలిపించి కౌన్సెలింగ్ ఇవ్వడానికి కొన్నేళ్ల కిందట పోలీసులు ‘ఆపరేషన్ చబుత్రా’ అని కూడా నడిపారు. ఇవాళ అదే చబుత్రా మీద నలుగురు కుర్రాళ్లు కూర్చుంటే మాటలు వినపడవు. నాలుగు ఫోన్లు అడ్డంగా, నాలుగు జతల ఇయర్‌ఫోన్లు. చబుత్రా మీద కూర్చున్నవాణ్ని ఇంట్లోకి పిలవొచ్చు. దుప్పటి కింద ఆడేవాణ్ని పిలవడం కష్టం, అసలు మనకు తెలియదు కూడా.

ఇప్పుడు గడియారం భాయ్ చేతిలో లేదు, ఆట తయారుచేసిన కంపెనీ చేతిలో ఉంది. భాయ్‌కి మనం లేస్తే లాభం, ఇంకొకడు కూర్చుంటాడు కాబట్టి. కంపెనీకి మనం లేవకపోతే లాభం. మిగతా కథంతా ఈ తేడాలోనే ఉంది.

ఉచితమన్న మాటకు ధర

‘మావాడు డబ్బులు పెట్టి ఏం కొనడు, ఫ్రీ గేములే ఆడతాడు’ అని చాలామంది తల్లులు నాతో అంటారు. ఆ మాట వినగానే నాకు గుబులు. ఇంట్లో ఆటలకు అన్నిటికంటే ఎక్కువ ఖర్చు తెచ్చిపెట్టేవి చాలాసార్లు ఈ ఉచిత ఆటలే.

అవి ఎలా పనిచేస్తాయో ఒకసారి చూడండి. రోజూ ఆట తెరిస్తే చిన్న బహుమతి ఇస్తారు. ఒకరోజు మానేస్తే వరుస తెగిపోతుంది. కొన్ని వారాలకో నెలలకో ఒక ‘సీజన్’ ముగుస్తుంది, ఆలోపు ఫలానా మెట్టు ఎక్కకపోతే ఆ బహుమతి మళ్లీ రాదు. మెట్లు త్వరగా ఎక్కాలంటే పాస్ కొనాలి. పాస్ రూపాయల్లో కొనరు, ఆటలో చెల్లే డబ్బుతో కొంటారు. ఒకచోట డైమండ్లు, మరోచోట యూసీ. ఆ డైమండ్లు అమ్మే కట్టలకూ, కొనాల్సిన వస్తువు ధరకూ లెక్క సరిపోకుండా చూస్తారు. ఎప్పుడూ కొన్ని మిగులుతాయి, లేదా కొన్ని తక్కువ పడతాయి. మిగిలినవి వృథా పోకూడదని ఇంకో కట్ట కొంటారు. కిరాణా కొట్లో చిల్లర లేదని చాక్లెట్ ఇచ్చినట్టే. కాకపోతే ఇక్కడ చిల్లర లేకుండా ముందే ఏర్పాటు చేసిపెట్టారు.

అన్నిటికంటే గట్టిది పెట్టె. డబ్బు కట్టి పెట్టె తెరిస్తే లోపల ఏముందో ముందు తెలియదు. మంచి తుపాకీ రంగు రావచ్చు, పనికిరాని టోపీ రావచ్చు. వీటిని లూట్ బాక్సులంటారు. ఎప్పుడు వస్తుందో తెలియని బహుమతి కోసం మనిషి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాడని మనస్తత్వ శాస్త్రం ఎప్పుడో చెప్పింది. జాతరలో రింగు విసిరే ఆట దగ్గర మీ అబ్బాయి చేయి పట్టి లాక్కొచ్చే ఉంటారు కదా, అదే సంగతి. జాతర మూడు రోజుల్లో అయిపోతుంది, అంతే తేడా.

దీని మీద గేమర్లే ముందు తిరగబడ్డారని చెప్పడం నాకు గర్వం. 2017 నవంబరులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ ‘స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2’ తెచ్చింది. పూర్తి ధర పెట్టి కొన్న ఆటలో కూడా పెట్టెలు అమ్ముతారా అని ఆటగాళ్లు దుమ్మెత్తిపోశారు. విడుదలకు కొన్ని గంటల ముందు కంపెనీ ఆ కొనుగోళ్లను ఆపేయాల్సి వచ్చింది. మర్నాటి ఏడాది, 2018 ఏప్రిల్‌లో, బెల్జియం దేశపు జూద నియంత్రణ సంస్థ కొన్ని ప్రముఖ ఆటల్లోని పెట్టెలు తమ చట్టం ప్రకారం జూదమేనని తేల్చింది. ఆ దేశంలో ఫుట్‌బాల్ ఆట ‘ఫిఫా’లో పెట్టెల కోసం వాడే పాయింట్ల అమ్మకం ఆగిపోయింది.

ఇంకొకటి మరీ విచిత్రం. ‘ఫోర్ట్‌నైట్’ తయారుచేసే ఎపిక్ గేమ్స్ 2022 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 52 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. పిల్లల వ్యక్తిగత వివరాల విషయంలో 27.5 కోట్లు, జనం చేత తెలియకుండా కొనిపించినందుకు తిరిగి ఇవ్వాల్సినవి 24.5 కోట్లు. కమిషన్ ఏం చెప్పిందో తెలుసా? నిద్రావస్థలో ఉన్న ఆటను లేపబోయి ఒక బటన్ నొక్కినా, ఊరికే వస్తువును చూద్దామని పక్క బటన్ తగిలినా డబ్బు కట్ అయ్యేలా ఉందని. అంటే ‘నేను కొనలేదు నాన్నా, అదే కొనేసింది’ అని పిల్లాడు ఏడిస్తే, ప్రతిసారీ అబద్ధం కాదన్నమాట. వాణ్ని కొట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

మన దేశానికి వద్దాం. 2021 జులైలో ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ వచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వాళ్లకు కొన్ని హద్దులు పెట్టారు. తల్లిదండ్రుల ఫోన్‌కి ఓటీపీ రావాలి, రోజుకు 3 గంటలే ఆడాలి, రోజుకు 7,000 రూపాయలకు మించి ఖర్చు పెట్టకూడదు. హద్దు ఉండటం మంచిదే. కానీ రోజుకు ఏడువేలా! ఎన్నో ఇళ్లలో అది ట్యూషన్ ఫీజుకు మించిన మొత్తం. ఓటీపీ సంగతీ అంతే. నాన్న పాత ఫోన్, నాన్న పేరు మీది సిమ్, అది ఉన్నది మాత్రం పిల్లాడి చేతిలో. ఓటీపీ ఎవరికి వస్తుంది?

యాభై వేల పెట్టె

ఇప్పుడు కన్సోల్. మన దేశంలో పీఎస్ 5 అమ్మకాలు 2021 ఫిబ్రవరి 2న మొదలయ్యాయి. డిస్కు పెట్టే మోడల్ 49,990 రూపాయలు. 2022 నవంబరులో అది 54,990 అయింది. వెనకటి కన్సోళ్లు పాతబడేకొద్దీ చవకయ్యేవి. పీఎస్ 2ను అందుకే గల్లీ పార్లర్లు కూడా కొనగలిగాయి. ఈ తరంలో లెక్క తిరగబడింది. 2025లో అమెరికాలో కూడా సోనీ, మైక్రోసాఫ్ట్ రెండూ ధరలు పెంచాయి. కొంతకాలం ఆగితే తగ్గుతుందిలే అనుకునే మధ్యతరగతి తెలివి ఇక్కడ పనిచేయడం లేదు.

అయినా నన్నడిగితే, పదమూడేళ్ల పిల్లాడికి సొంత ఫోన్ కొనివ్వడం కంటే హాల్లో టీవీకి కన్సోల్ తగిలించడమే ఆరోగ్యానికి మేలు. ఖర్చు మాట పక్కన పెడితే కారణాలు చాలా సాదా. హాల్లో ఉంటుంది, అందరికీ కనిపిస్తుంది. నానమ్మ సీరియల్ టైముకు ఆగాల్సిందే. పది అడుగుల దూరం నుంచి ఆడతారు, ముక్కు దగ్గర పెట్టుకుని కాదు. మంచం మీదికి రాదు. రెండో కంట్రోలర్ ఉంటే చెల్లెలు కూడా ఆడుతుంది. పైగా ఒక కథ ఉన్న ఆట కొంటే దానికి మొదలు, నడుమ, చివర ఉంటాయి. ఇరవై గంటలో నలభై గంటలో ఆడితే అయిపోతుంది. ఆట అయిపోయినప్పుడు పిల్లాడి ముఖంలో కనిపించే తృప్తి, మంచి నవల చదివి మూసినప్పటి తృప్తి లాంటిదే. ఉచిత ఆటలో ఆ తృప్తి రానివ్వరు, వస్తే రేపు తెరవడు కాబట్టి.

అయితే కన్సోల్ అనగానే అన్నీ మంచివని నమ్మొద్దు. ఫుట్‌బాల్ ఆట ‘ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ’ తీసుకోండి. పైకి అమాయకం, చిన్నపిల్లలకూ సరే అనిపిస్తుంది. లోపల ‘అల్టిమేట్ టీమ్’ అనే విభాగంలో ఆటగాళ్ల కార్డుల పొట్లాలు ఉంటాయి. అవి కూడా పెట్టెలే. డబ్బు పెట్టి కొన్న ఆటలో మళ్లీ డబ్బు. ఇక నెట్‌లో ఇతరులతో కలిసి ఆడాలంటే చాలా ఆటలకు నెలకో ఏడాదికో చందా కట్టాలి. మొదటి రోజే కార్డు వివరాలు అడుగుతారు, ఆ తర్వాత దానంతట అదే కట్ అవుతూ ఉంటుంది. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి చూస్తే ఇలాంటివి ఎన్ని నడుస్తున్నాయో తెలుస్తుంది. ఇప్పుడే చూడండి, నేను ఆగుతాను.

డిస్కు మోడలా, డిజిటల్ మోడలా? చవకగా ఉందని డిజిటల్ వైపు చూస్తారు చాలామంది. నా ఓటు డిస్కుకే. ఆడేశాక డిస్కును స్నేహితుడికి ఇవ్వొచ్చు, అమ్మేయొచ్చు, వేరేది మార్చుకోవచ్చు. అబిడ్స్ జగదీశ్ మార్కెట్ వైపు వెళ్లొచ్చిన పాతబస్తీ కుర్రాడికి పాత సరుకు ఇచ్చి కొత్తది తెచ్చుకోవడం ఒకరు నేర్పాలా? డిజిటల్ ఆటకు ఆ సౌకర్యం లేదు. నిజానికి అది మనది కూడా కాదు, ఆడుకోవడానికి అనుమతి మాత్రమే. ఆ సంగతి కొనేవాళ్లకు స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అనే మాట వాడకూడదని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చట్టమే చేసింది. యూబీసాఫ్ట్ సంస్థ ‘ద క్రూ’ అనే కార్ల ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపేస్తే, డబ్బు పెట్టి కొన్నవాళ్ల చేతిలో ఏమీ మిగల్లేదు. దాని మీద ఐరోపాలో పుట్టిన ఉద్యమానికి పది లక్షలకు పైగా సంతకాలొచ్చాయి. 2025 జూన్ 5న వచ్చిన ‘నింటెండో స్విచ్ 2’లో కూడా కొన్ని ఆటల కార్డుల్లో ఆట ఉండదు, డౌన్‌లోడ్ చేసుకోవడానికి తాళంచెవి మాత్రమే ఉంటుంది. పెట్టె చేతికొస్తుంది, లోపల ఆట ఉండదు. గేమర్లు మండిపడటంలో తప్పేముంది?

నిషేధం వస్తే తీరిపోతుందా?

2020 సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించింది, అందులో పబ్జీ ఉంది. ఆ రోజు మా బస్తీలో తల్లులు మిఠాయి పంచలేదు గానీ, పంచినంత పని చేశారు. తర్వాత ఏమైంది? పిల్లలు ఫ్రీ ఫైర్‌కు మారారు. 2022 ఫిబ్రవరిలో అదీ నిషేధంలోకి వెళ్లింది. ఈలోపు పబ్జీయే పేరు మార్చుకుని వచ్చింది. 2022 జులైలో మళ్లీ మాయమై, 2023 మేలో మళ్లీ తిరిగొచ్చింది. ఆ నిషేధాలకు కారణం దేశ భద్రత, మన సమాచార రక్షణ. పిల్లల నిద్ర కాదు. కాబట్టి వాటి నుంచి పిల్లల ఆరోగ్యానికి మేలు ఆశించడమే పొరపాటు.

డబ్బు పెట్టి ఆడేవి వేరు. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బు ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. అలాంటివి నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఇ-స్పోర్ట్స్‌ను మాత్రం అది వేరుగా గుర్తించింది. ఈ చట్టం నాకు నచ్చింది. రమ్మీ యాప్‌లలో ఎన్ని జీతాలు, ఎన్ని చీటీ డబ్బులు కరిగిపోయాయో బస్తీల్లో అందరికీ తెలుసు. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ చట్టం గురిపెట్టింది డబ్బు కట్టి డబ్బు గెలుద్దామనే ఆశతో ఆడేవాటిని. మన పిల్లాడు తెరిచే పెట్టెలో డబ్బు రాదు, రంగురంగుల తుపాకీ వస్తుంది. అందుకని చట్టం వచ్చింది కదా అని ఫోన్ పక్కన పెట్టి నిశ్చింతగా కూర్చోవద్దు.

గంటలు లెక్కపెట్టే చట్టాలూ వచ్చాయి. దక్షిణ కొరియా 2011లో పదహారేళ్లలోపు పిల్లలకు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా ఆన్‌లైన్ ఆటలు బందు పెట్టింది. పదేళ్లు నడిపి, ఇది ఇంట్లో తేల్చుకోవాల్సిన సంగతని 2021లో రద్దుకు నిర్ణయించింది. చైనా మాత్రం అదే ఏడాది సెప్టెంబరు నుంచి 18 ఏళ్లలోపు వాళ్లకు శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకే అనుమతిస్తోంది. ఆ కట్టడి మనకు కుదిరేది కాదు.

అలవాటా, వ్యాధా?

రోజుకు మూడు గంటలు ఆడే ప్రతి పిల్లాణ్నీ ‘అడిక్ట్ అయ్యాడు’ అనడం మనకు అలవాటైపోయింది. ఆ మాట ఊరికే వాడొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ను వ్యాధుల జాబితాలో చేర్చిన మాట నిజమే. 2019లో ఆమోదం పొందిన ఆ జాబితా 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కానీ అందులో గంటల లెక్క లేదు. మూడు లక్షణాలు చూడమంటుంది. ఆట మీద అదుపు పోవడం. మిగతా ఇష్టాలు, రోజువారీ పనుల కంటే ఆటే ముఖ్యమైపోవడం. నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇంకా పెంచడం. వీటివల్ల చదువు, ఇల్లు, స్నేహాలు గట్టిగా దెబ్బతినాలి, సాధారణంగా పన్నెండు నెలల పాటు కనిపించాలి. ఆడేవాళ్లలో ఈ స్థితికి వెళ్లేది కొద్దిమందేనని కూడా ఆ సంస్థే చెబుతోంది.

సెలవుల్లో రోజుకు నాలుగు గంటలు ఆడి, బడి తెరవగానే తగ్గించి, సంక్రాంతికి మాంజా పట్టుకుని మిద్దె ఎక్కే పిల్లాడికి వ్యాధి లేదు. రోజుకు రెండు గంటలే ఆడుతూ, ఆ రెండు గంటల కోసం అబద్ధాలు చెబుతూ, అన్నం ముందు ఫోన్ తీసుకుంటే చేయి విసిరేసే పిల్లాడి గురించి ఆలోచించాలి. ఒక్కోసారి ఆట కారణం కాదు, దాక్కునే చోటు. బడిలో ఎవరో వేధిస్తుంటే, లెక్కలు అర్థంకాక భయపడుతుంటే, ఇంట్లో రోజూ గొడవలుంటే పిల్లాడు తనకు విలువ దొరికే చోటికి పోతాడు. ఆటలో వాడు పెద్ద ర్యాంకువాడు. క్లాసులో చివరి బెంచీ. ఫోన్ లాక్కుంటే ఉన్న ఒక్క గౌరవమూ పోతుంది, చివరి బెంచీ మాత్రం అలాగే ఉంటుంది.

శరీరం దగ్గరికొస్తే, నేను అందరికంటే ఎక్కువ భయపడేది నిద్ర గురించే. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్య నిపుణుల సంఘం చెబుతుంది. ఉదయం ఆరున్నరకు బడి బస్సు వచ్చే ఇంట్లో ఈ లెక్క వేసి చూడండి, పదో క్లాసు పిల్లాడు కూడా తొమ్మిదిన్నర, పదింటికల్లా పడుకోవాలి. నైట్‌బజార్లు, రంజాన్ రాత్రులు, బోనాల జాతర, పెళ్లి ఊరేగింపులు... పాతబస్తీ మామూలుగానే ఆలస్యంగా పడుకుంటుంది. దానికి తోడు చివరి మ్యాచ్ ఓడిపోయి గుండె దడదడలాడుతుంటే లైటు ఆర్పినా నిద్ర రాదు. ఆటకూ పడకకూ మధ్య కనీసం గంట ఎడం ఉండాలి. ఫోన్ చార్జింగు పడకగది బయటే.

కళ్లకు ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడటం మంచి అలవాటు. పగటి వెలుతురులో ఆరుబయట ఆడటం అంతకంటే మంచిది, పిల్లలకు మైనస్ నంబరు రాకుండా కాపాడటానికి అది తోడ్పడుతుంది. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి వస్తే పెద్దవాళ్లు జండూబామ్ రాస్తారు. రెండు వారాలకూ తగ్గకపోతే డాక్టరుకు చూపించండి, స్నాయువు వాచి ఉండవచ్చు. ఇయర్‌ఫోన్‌లో శబ్దం సగం గీత దాటకుండా చూడండి. తుపాకీ ఆటల్లో అడుగుల చప్పుడు వినడం కోసం పిల్లలు వాల్యూమ్ పూర్తిగా పెంచుతారు.

ఇంట్లో ఏం మాట్లాడాలి?

నిమిషాల్లో కాకుండా మ్యాచుల్లో మాట్లాడండి. ‘అరగంటే’ అంటే ఆ అరగంట ఆట నడుమ ముగుస్తుంది. బ్యాటిల్‌గ్రౌండ్స్‌లో ఒక పూర్తి మ్యాచ్‌కు దాదాపు అరగంట పడుతుంది. మధ్యలో లేస్తే మిగతా ముగ్గురు స్నేహితులు ఓడిపోతారు, మర్నాడు బడిలో వీడికి మాటలు పడతాయి. ‘రెండు మ్యాచ్‌లు, అంతే. రెండోది మొదలుపెట్టేముందు టైము చూసుకో’ అనండి. కథ ఉన్న ఆటయితే ‘సేవ్ చేసి లే’ అనండి. ఆట భాష తెలిసిన అమ్మ మాటకు విలువ ఎక్కువ. ప్లగ్ మాత్రం పీకకండి. కన్సోల్‌కూ మంచిది కాదు, మీ మాట పరువుకూ మంచిది కాదు.

ఆట కొనేముందు డబ్బా మీద, లేదా స్టోర్ పేజీలో వయసు అంకె చూడండి. ఐరోపావాళ్ల పెగీ గుర్తులో 3, 7, 12, 16, 18 అని ఉంటాయి. 2020 నుంచి దాని కింద పెట్టెలున్నాయా అన్నది కూడా రాస్తున్నారు. కొన్నాక ఏం దొరుకుతుందో తెలియని కొనుగోళ్లు ఉన్నాయని ఆ వరుస చెబుతుంది. మనవాళ్లు ఆ అంకెను కష్టస్థాయి అనుకుంటారు, ‘మావాడు హుషారు, పదేళ్లకే పద్దెనిమిది ఆడేస్తాడు’ అని మురుస్తారు. 18 అంటే పెద్దలకు మాత్రమే అని అర్థం. ‘గ్రాండ్ తెఫ్ట్ ఆటో’ ఆటలు అలాంటివే. దాని ఆరో భాగం రెండుసార్లు వాయిదా పడి 2026 నవంబరు 19న వస్తుందని కంపెనీ ప్రకటించింది. నేను వేయికళ్లతో ఎదురుచూస్తున్నాను, కానీ పన్నెండేళ్ల పిల్లాడికి కొనిపెట్టను. మీ ఇంట్లో ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది, జవాబు ఆలుమగలిద్దరూ ఒకటే చెప్పేలా ముందే అనుకోండి.

ఫోన్‌లో ప్లేస్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టొచ్చు, గూగుల్ ఫ్యామిలీ లింక్‌తో పిల్లాడి ఖాతాను మీ ఖాతాకు కలపొచ్చు. కన్సోళ్లలో పిల్లలకు వేరే ఖాతా చేసి, నెలకు ఇంతే ఖర్చు అని పెట్టొచ్చు, సున్నా అని కూడా. బ్యాంకు కార్డును మాత్రం అందులో దాచిపెట్టకండి. కొనాల్సి వస్తే గిఫ్ట్ కార్డు కొనివ్వండి, అందులో ఉన్నది అయిపోతే అయిపోయినట్టే. పాత పార్లర్‌లో జేబు ఖాళీ అయినట్టు. యూపీఐ పిన్ పిల్లలకు చెప్పే అలవాటు మన ఇళ్లలో ఎంత ఉందో మీకే తెలుసు. ‘పాలు తెచ్చిపెట్టు, పిన్ ఇది’ అంటాం. మార్చేయండి.

‘నేను ప్రొఫెషనల్ గేమర్ అవుతా’ అనే పిల్లాణ్ని వెక్కిరించొద్దు. 2023లో చైనాలోని హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఇ-స్పోర్ట్స్‌కు పతకాలే ఇచ్చారు. కాకపోతే లక్షల్లో ఒకరికి దక్కే దారి అది, క్రికెట్ లాగే. ఆ ఒక్కడికి కూడా వేళకు నిద్ర, కసరత్తు, కోచ్ ఉంటాయని చెప్పండి. వీలైతే వాడి పక్కన కూర్చుని ఒక ఆట ఆడండి. మీరు ఘోరంగా ఓడిపోతారు, దాంతో వాడు నోరు తెరుస్తాడు. ఎవరితో ఆడుతున్నాడు, ఆ అవతలి గొంతులు ఎవరివి, ఎవరైనా ఫోన్ నంబరు అడిగారా అన్నవి అలాంటప్పుడే బయటపడతాయి.

ఇవన్నీ చేసినా పిల్లాడు బడి మానేస్తుంటే, తిండి నిద్ర వదిలేస్తుంటే, డబ్బు దొంగిలిస్తుంటే, ముఖ్యంగా బతకడం మీద విరక్తి మాటలు అంటుంటే ఆలస్యం చేయవద్దు. కేంద్రం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సహాయవాణి 14416. పగలూ రాత్రీ ఎప్పుడైనా ఉచితంగా చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ప్రభుత్వానిదే. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఇలాంటి సమస్యల కోసమే 2014 నుంచి ‘షట్ క్లినిక్’ నడుస్తోంది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పిల్లాడి ఫోన్‌లోని స్క్రీన్ టైమ్ వివరాలు, గత రెండు నెలల యూపీఐ చెల్లింపుల జాబితా, ఏయే ఆటలు ఆడుతున్నాడో వాటి పేర్లు, ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేస్తున్నాడో ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. ఎందుకు వెళ్తున్నారో పిల్లాడికి ముందే చెప్పండి. ‘కంటి పరీక్షకు’ అని అబద్ధం చెప్పి తీసుకెళితే లోపల వాడు నోరు విప్పడు.